ఎముకను వెతుక్కుంటూ వెళ్లే మందు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఎముకల జబ్బులకీ ఎముకల్లోని క్యాన్సర్‌కీ నానో మందులు, అంటే కంటికి కనిపించనంత చిన్న రేణువుల్లో పెట్టి పంపే మందులు, వచ్చేశాయట కదా, నిజమేనా అని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను ఒకచోట కలిపాను. చాలావరకు ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్ల సంగతులు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మా అమ్మకి 62 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకీ తుంటికీ పాకిందన్నారు. హార్మోన్ మాత్రలు ఇస్తూ, జోలెడ్రోనిక్ యాసిడ్ డ్రిప్ ఎక్కిస్తున్నారు. "ఇవన్నీ పాత మందులు, నేరుగా ఎముకలోని క్యాన్సర్ దగ్గరికే వెళ్లే నానో మందులున్నాయి, అవి దొరికేదాకా ఆగండి" అని బంధువొకాయన గట్టిగా చెబుతున్నారు. ఆగాలా?

ఆగొద్దమ్మా. ముందు ఈ మాట చెప్పేస్తున్నాను, ఎందుకన్నది తర్వాత. రొమ్ము నుంచి ఎముకలకు పాకిన క్యాన్సర్‌కి అలాంటి నానో మందు ఈరోజుకీ ఆస్పత్రుల్లో మామూలు చికిత్సగా ఇవ్వడం లేదు. ఎలుకల్లో బాగా పనిచేసినవి చాలా ఉన్నాయి, వాటి గురించి వార్తలూ వస్తుంటాయి, మీ బంధువు చదివింది అలాంటిదే అయి ఉండొచ్చు.

ఇంకో సంగతి. ఆయన పాత మందు అంటున్న జోలెడ్రోనిక్ యాసిడే నిజానికి ఎముకను వెతుక్కుంటూ వెళ్లే మందు. రక్తంలోకి ఎక్కాక సుమారు సగం ఎముకలోని ఖనిజానికి అతుక్కుంటుంది, మిగతాది చాలావరకు ఒక రోజులోనే మూత్రంలో పోతుంది. కండరాలకీ మెదడుకీ దాంతో పెద్దగా పని లేదు. నానో వాళ్లు ఇన్నేళ్లుగా కష్టపడుతున్నది కూడా ఈ గుణాన్ని మిగతా మందులకి అంటగట్టడానికే.

ఎముకకు పాకిన క్యాన్సర్ ఎందుకంత మొండిగా ఉంటుందో తెలిస్తే ఈ డ్రిప్ విలువ తెలుస్తుంది. మన ఎముక ఎప్పుడూ ఒకేలా ఉండే రాయి కాదు. ఆస్టియోక్లాస్ట్ అనే కణాలు పాత ఎముకను కరిగిస్తుంటాయి, ఆస్టియోబ్లాస్ట్‌లు కొత్తది కడుతుంటాయి, పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు పదో వంతు అస్థిపంజరం ఇలా మారిపోతుంది. క్యాన్సర్ కణాలు అక్కడికి చేరి, కరిగించే కణాలను రెచ్చగొట్టే రసాయనాలు వదులుతాయి. ఎముక కరిగినప్పుడు అందులో దాచి ఉన్న పెరుగుదల పదార్థాలు బయటపడి క్యాన్సర్‌కి మేతగా మారతాయి, అది ఇంకా పెరిగి ఇంకా కరిగిస్తుంది. క్యాన్సర్ ఏ అవయవంలో పడితే అక్కడ మొలకెత్తదు, తనకు అనువైన నేల కావాలని స్టీఫెన్ పాజెట్ అనే ఇంగ్లిష్ సర్జన్ 1889లోనే రాశాడు, అదీ రొమ్ము క్యాన్సర్ రోగులను చూసే. జోలెడ్రోనిక్ యాసిడ్ ఆ కరిగించే కణాలను చంపి ఈ చక్రాన్ని మధ్యలో తెంచుతుంది. క్యాన్సర్‌ని పూర్తిగా తీసేయదు, కానీ ఎముకలు విరగడం, నొప్పి తగ్గుతాయి, ఆ వయసులో అది చిన్న విషయం కాదు.

మీరు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఈ మందు వాడేవాళ్లలో కొద్దిమందికి దవడ ఎముక దెబ్బతింటుంది, ముఖ్యంగా పన్ను పీకించుకున్నాక. కాబట్టి పళ్ల డాక్టర్‌కి ఈ డ్రిప్ సంగతి తప్పకుండా చెప్పండి. ప్రతి డోసుకి ముందు కిడ్నీ పరీక్ష చేస్తున్నారో లేదో చూడండి, కాల్షియం, విటమిన్ డి మాత్రలు ఆపకండి. నాలుగు వారాలకోసారి కాకుండా పన్నెండు వారాలకోసారి ఇచ్చినా ఎముకల రక్షణ తగ్గలేదని 2017లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చూపించింది, మీ అమ్మగారికి అది సరిపోతుందేమో డాక్టర్‌ని అడగొచ్చు. వెన్నెముకకి పాకింది కాబట్టి ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి: ఉన్నట్టుండి కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లండి. వెన్నుపాము నొక్కుకుపోతుంటే గంటలు కూడా లెక్కే.

ప్రశ్న: అసలు నానో అంటే ఎంత చిన్నది? ఇంకా చిన్నగా చేస్తే ఇంకా బాగా వెళ్తుంది కదా?

అలా అనిపిస్తుంది గానీ కాదు. తల వెంట్రుక మందం సుమారు 80,000 నుంచి 1,00,000 నానోమీటర్లు, ఎర్ర రక్తకణం ఏడెనిమిది వేలు. మందు మోసే రేణువులు ఎక్కువగా వంద నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. ఐదారు నానోమీటర్ల కంటే చిన్నవైతే కిడ్నీ వడపోసి మూత్రంలోకి పంపేస్తుంది, పని మొదలుపెట్టకముందే అయిపోతాయి. మరీ పెద్దవైతే ప్లీహం, కాలేయం పట్టేస్తాయి. ఆ మధ్య కొలతే దొరికిన దారి.

పైగా ఎముక కూడా ఆ కొలతల్లోనే కట్టినది. కొల్లాజెన్ పోగుల మధ్య అమరిన ఖనిజపు పలకలు కొన్ని పదుల నానోమీటర్ల పొడవు, రెండు నాలుగు నానోమీటర్ల మందం మాత్రమే ఉంటాయి. ల్యాబ్‌లో తయారుచేసిన నానో హైడ్రాక్సీఅపటైట్‌ని, అంటే ఎముకలో ఉండే ఆ ఖనిజం లాంటిదాన్నే, ఎముక తేలిగ్గా తనలో కలుపుకోవడానికి ఈ పోలిక ఒక కారణం.

ప్రశ్న: ఫార్మసీ చదువుతున్నాను. రక్తంలో తిరిగే రేణువుకి ఇది ఎముక, ఇది కాలేయం అని ఎలా తెలుస్తుంది? మా పుస్తకంలో "టార్గెటింగ్" అని ఒక బొమ్మ వేసి వదిలేశారు.

రేణువుకి ఏమీ తెలియదు, అది రక్తంతో పాటు కొట్టుకుపోతుంటుంది. దారిలో అతుక్కునే చోటు తగిలితే అతుక్కుంటుంది, అంతే. ఆ బొమ్మల్లో బాణం గుర్తు చూసి అది తనంతట తాను ఈదుకుంటూ వెళ్తుందనుకుంటారు చాలామంది.

అతుక్కోవడానికి ఎముకలో మంచి అవకాశం ఉంది. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే, అంటే కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడిన హైడ్రాక్సీఅపటైట్. ఆరోగ్యంగా ఉన్న మెత్తటి అవయవాల్లో ఇలాంటి ఉపరితలం ఉండదు. కాబట్టి కాల్షియంని గట్టిగా పట్టుకునే కొక్కెం ఏదైనా రేణువు పైన తగిలిస్తే చాలు. ఎక్కువగా వాడే కొక్కెం అలెండ్రొనేట్, ఎముకలు గుల్లబారినవాళ్లకి మాత్రగా ఇచ్చేదే. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా వాడి చూశారు, పిల్లల పళ్లకి ఆ మందు రంగు పట్టించేది ఈ అతుక్కునే గుణం వల్లే. మూడో రకం ఆస్పార్టిక్ యాసిడ్ అనే అమైనో ఆమ్లంతో చేసిన గొలుసులు. వీటిలో నాకు బాగా ఆసక్తిగా అనిపించే తేడా ఒకటుంది: ఎనిమిది ఆస్పార్టిక్ యాసిడ్‌లు వరుసగా ఉన్న గొలుసు ఎముక కరుగుతున్న చోట ఎక్కువగా అతుక్కుంటుంది, ఆస్పార్టిక్ యాసిడ్ తర్వాత సెరీన్ అనే ఇంకో అమైనో ఆమ్లం రెండేసి చొప్పున ఆరుసార్లు వచ్చే గొలుసేమో కొత్త ఎముక కడుతున్న చోటికి చేరుతుంది. ఈ రెండో గొలుసుని లైపోజోమ్ అనే సూక్ష్మమైన కొవ్వు బుడగకి తగిలించి, ఎముక కట్టుబడిని అడ్డుకునే ఒక జన్యువుని ఎలుకల్లో అణిచేసిన పరిశోధన 2012లో వచ్చింది. కరిగేచోట ఆపే మందు, కట్టేచోట పెంచే మందు విడివిడిగా పంపించవచ్చన్న ఆశ అక్కడ మొదలైంది.

ఈ కొక్కెం మనుషుల్లో పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది. అస్ఫొటేజ్ ఆల్ఫా అనే మందుకి చివర్న పది ఆస్పార్టిక్ యాసిడ్‌ల తోక ఉంటుంది, ఎముకల్లో ఖనిజం సరిగ్గా పేరుకోని హైపోఫాస్ఫటేషియా అనే అరుదైన పుట్టుక జబ్బుకి 2015లో అనుమతి వచ్చింది. అది నానో రేణువు కాదు, ఒక ఎంజైమ్, కానీ సూత్రం ఒకటే. కొక్కెమే అక్కర్లేని మందు కూడా ఉంది: రేడియం-223. శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకలోకి తీసుకుంటుంది, దాని ఆల్ఫా కిరణాలు మిల్లీమీటర్‌లో పదో వంతు దూరం కూడా దాటవు. ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కి 2013 నుంచి వాడుతున్నారు.

మీ పుస్తకం వదిలేసిన సగం ఇక్కడ మొదలవుతుంది. ఎముకని చేరడం, క్యాన్సర్‌ని చేరడం ఒకటి కాదు. కొక్కెం ఉన్న రేణువు జబ్బున్న వెన్నుపూసకే కాదు, ఖనిజం పైకి తేలి ఉన్న ప్రతిచోటా అతుక్కుంటుంది, ఆరోగ్యంగా ఉన్న ఎముకలతో సహా. అతుక్కున్నాక మందుని వదలాలి. వదలడానికి ఆమ్లాన్ని నమ్ముకుంటారు: రక్తం పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) 7.4, చాలా గడ్డల చుట్టూ 6.5 నుంచి 6.8, ఆస్టియోక్లాస్ట్ కింద ఎముక కరిగే గుంటలో సుమారు 4.5. ఆమ్లం తగలగానే తెగిపోయే బంధంతో మందుని కడితే కరిగే చోటే వదులుతుంది. కాల్షియం ఫాస్ఫేట్ రేణువులకైతే బంధం కూడా అక్కర్లేదు, ఆమ్లంలో అవే కరిగిపోతాయి. కానీ రేణువు ఖనిజానికి అతుక్కుని ఉంటే క్యాన్సర్ కణం పక్కన మూలుగలో ఉంటుంది. వదిలిన మందు ఆ దూరం దాటి, చాలినంత మోతాదులో, ఆ కణం నిద్రాణంగా లేని సమయంలో తగలాలి. నేనైతే ఈ రంగంలో అసలు కష్టం ఇదే అంటాను. కొక్కేల మీద కొత్తగా ఇంకో వంద పేపర్లు రావడం కంటే వదిలే పద్ధతి మీద పది మంచి పేపర్లు రావడం మేలు. మీరు ప్రాజెక్ట్ ఎంచుకునేటప్పుడు ఇటువైపు చూడండి.

ప్రశ్న: మా బాబుకి 16. మోకాలి దగ్గర ఆస్టియోసార్కోమా, అంటే ఎముకలోనే పుట్టే క్యాన్సర్ అని తేలింది. మూడు మందుల కీమో మొదలుపెట్టారు, అందులో డాక్సోరుబిసిన్ గుండెకి ప్రమాదమని చదివి నిద్రపట్టడం లేదు. అదే మందు నానో రూపంలో గుండెకి హాని లేకుండా దొరుకుతుందట. అది ఇవ్వమని అడగనా?

అడగండి, అడగడంలో తప్పేమీ లేదు. కానీ వాళ్లు వద్దంటే అది మీ బాబు మేలు కోరి అన్న మాటేనని ముందే అర్థం చేసుకుంటే టెన్షన్ కొంచెం తగ్గుతుంది.

మీరు చదివింది నిజమే. డాక్సోరుబిసిన్‌ని కొవ్వుతో చేసిన సూక్ష్మమైన బుడగల్లో, అంటే లైపోజోమ్‌లలో నింపి డాక్సిల్ అనే పేరుతో 1995లో అమెరికాలో అనుమతించారు, నానో మందుల్లో అదే మొదటిది. ఆ బుడగలు 80 నుంచి 100 నానోమీటర్లు. పైన పెగ్ అనే పొర ఉండటం వల్ల రోజుల తరబడి రక్తంలో తిరుగుతాయి, గుండె కండరంలోకి అంత తేలిగ్గా దిగవు. దాంతో గుండెకి హాని బాగా తగ్గింది. బదులుగా అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం ఎర్రబడి మండే ఇబ్బంది ఎక్కువైంది. అండాశయ క్యాన్సర్‌కీ, 2007 నుంచి బోర్టెజోమిబ్ అనే మందుతో కలిపి మల్టిపుల్ మైలోమాకీ దీన్ని వాడుతున్నారు. మైలోమా మూలుగలో పుట్టి ఎముకలను తినేసే క్యాన్సర్ కాబట్టి ఎముకకీ నానో మందుకీ ఇప్పటిదాకా కుదిరిన దగ్గరి చుట్టరికం బహుశా ఇదే.

ఆస్టియోసార్కోమా సంగతి వేరు. ఆపరేషన్ ఒక్కటే చేసే రోజుల్లో ఐదుగురిలో నలుగురికి జబ్బు ఊపిరితిత్తుల్లో మళ్లీ కనిపించేది. డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్, పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్ వచ్చాక, నిర్ధారణ నాటికి వేరేచోటికి పాకని పిల్లల్లో 60 నుంచి 70 శాతం మంది బయటపడుతున్నారు. ఈ ఫలితం మామూలు డాక్సోరుబిసిన్‌తో వచ్చింది. లైపోజోమ్ రూపం ఈ జబ్బులో దానికి సమానమని పెద్ద పరీక్షల్లో తేలలేదు. గుండెని కాపాడబోయి జబ్బుని నయం చేసే అవకాశాన్ని తగ్గించుకోకూడదు కదా. గుండె కోసం చేయగలిగినవి ఉన్నాయి: మొత్తం మోతాదుకి పరిమితి పెట్టుకుంటారు, మధ్యమధ్య ఎకో తీస్తారు, డెక్స్‌రజోక్సేన్ అనే రక్షణ మందుని కలపొచ్చు. మీ బాబుకి ఈ మూడో దాన్ని వాడుతున్నారా, లేకపోతే ఎందుకు వాడటం లేదని అడగండి.

ఇంకో మందు పేరు కూడా మీ చెవిన పడి ఉంటుంది: మిఫామూర్టైడ్. ఇది కూడా లైపోజోమ్‌లో పెట్టిన మందే, కానీ కీమో కాదు. బ్యాక్టీరియా గోడలోని ఒక ముక్కని పోలిన పదార్థం, మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు ఈ బుడగలను మింగి, రెచ్చిపోయి, మిగిలిన క్యాన్సర్ కణాల మీద పడతాయని ఆలోచన. ఒక పెద్ద పరీక్షలో ఆరేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 70 శాతం నుంచి 78కి పెరిగారు. అయితే ఆ పరీక్ష జరిగిన తీరు మీద వాదనలు నడిచాయి, యూరప్ 2009లో అనుమతించింది, అమెరికా ఇవ్వలేదు. గడ్డని పూర్తిగా తీసేశాక, వేరేచోటికి పాకనివాళ్లకి మాత్రమే వాడతారు. ఇది మీకు దొరుకుతుందా, మీ బాబుకి వర్తిస్తుందా అన్నది ఆపరేషన్ తర్వాత మాట్లాడుకోవాల్సిన విషయం. ఇప్పుడు మాత్రం కీమో తేదీలు తప్పకుండా చూసుకోండి, బాబు త్వరగా కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నాను.

ప్రశ్న: మొదటి నానో మందు 1995లోనే వస్తే, ఇన్నేళ్లయినా వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఎందుకున్నాయి? ఇదంతా ప్రచారమేనా?

ప్రచారం ఉంది, పని కూడా జరిగింది.

మామూలు కీమో అంటే ఒక్క మొక్క కోసం చేనంతా తడపడం, నానోతో ఆ మొక్క మొదట్లోనే పోయొచ్చని అందరూ అనుకున్నారు. ఆ నమ్మకానికి పునాది 1986లో జపాన్‌లో మత్సుమురా, మయెదా గమనించిన విషయం: గడ్డల్లోని రక్తనాళాలు చిల్లులుపడి ఉంటాయి, పెద్ద అణువులు అందులోంచి కారి అక్కడే నిలిచిపోతాయి. ఎలుకల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఎలుకకి పెట్టిన గడ్డ కొద్ది వారాల్లో పెరుగుతుంది, నాళాలు గబగబా అడ్డదిడ్డంగా పుడతాయి. మనిషిలో గడ్డ ఏళ్ల తరబడి పెరుగుతుంది, ఒకరి గడ్డలో చిల్లులుంటాయి, ఇంకొకరిలో ఉండవు, ఒకే మనిషిలో రెండు గడ్డలు రెండు రకాలుగా ఉండొచ్చు.

టొరంటో విశ్వవిద్యాలయంలోని వారెన్ చాన్ బృందం పదేళ్ల పరిశోధనా పత్రాలన్నీ ముందేసుకుని లెక్కేసి 2016లో ఒక అంకె బయటపెట్టింది. ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డని చేరేది మధ్యస్థంగా 0.7 శాతం. అదీ జంతువుల్లో. మిగతాది చాలావరకు కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. ఈ అంకె మీద తర్వాత వాదనలు జరిగాయి, అలా కొలవకూడదన్నవాళ్లూ ఉన్నారు, కానీ రంగంలో ఉన్నవాళ్లు ఒక్కసారి ఆగి ఆలోచించేలా చేసింది. అదే ఏడాది, కొక్కెం తగిలించిన నానో రేణువులతో ఎంతో పేరు తెచ్చుకున్న అమెరికా కంపెనీ బైండ్ థెరప్యూటిక్స్ దివాలా తీసింది. తయారీ కూడా చిన్న విషయం కాదు. ల్యాబ్‌లో చెంచాడు బాగా వచ్చిన రేణువులు పెద్ద ట్యాంకులో అదే సైజులో, అదే పొరతో ప్రతిసారీ రావాలి.

అలాగని వచ్చినవి తక్కువవేమీ కావు. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు నీళ్లలో కరగదు, దాన్ని కరిగించడానికి వాడే ఆముదం ఆధారిత ద్రావకం వల్ల తీవ్రమైన అలర్జీలు వచ్చేవి, ముందుగా స్టెరాయిడ్ ఇవ్వాల్సి వచ్చేది. అదే మందుని అల్బుమిన్ ప్రొటీన్‌తో 130 నానోమీటర్ల రేణువులుగా చేస్తే ఆ ద్రావకం అవసరమే పోయింది, 2005లో రొమ్ము క్యాన్సర్‌కీ, 2013లో పాంక్రియాస్ క్యాన్సర్‌కీ అనుమతి వచ్చింది. ఒక రకం రక్త క్యాన్సర్‌కి వాడే విక్సియోస్‌లో రెండు మందులు 5:1 నిష్పత్తిలో ఒకే బుడగలో ఉంటాయి, ఆ నిష్పత్తి చెదరకుండా కణం దాకా వెళ్తాయి, దానికి 2017లో అనుమతి. ఇవి చూస్తే నాకు తేలేదేమిటంటే, ఇప్పటిదాకా నానో చేసిన మేలు గురి పెంచడంలో కంటే, మంచి మందుని రోగి భరించగలిగేలా చేయడంలో ఎక్కువ. కీమో భరించలేక మధ్యలో మానేసినవాళ్లని చూసినవాళ్లెవరూ దీన్ని చిన్నచూపు చూడరు.

ప్రశ్న: నాకు ఎముకలు గుల్లబారాయన్నారు. వారానికోసారి అలెండ్రొనేట్ మాత్ర రాశారు. దాని బదులు "నానో కాల్షియం" పొడి వాడితే చాలని ఒకరు అమ్ముతున్నారు. వాడొచ్చా?

మాత్ర మానేసి ఆ పొడి వాడొద్దండి. కాల్షియం ఎంత సన్నగా నూరినా కాల్షియమే. ఎముక కరగడాన్ని ఆపే పని అలెండ్రొనేట్‌ది, ఆ పని పొడి చేయదు. ఆహారంలో కాల్షియం తక్కువైతే మామూలు కాల్షియం మాత్ర, విటమిన్ డి చాలు.

అలెండ్రొనేట్ వేసుకునే పద్ధతి మాత్రం ముఖ్యం. మింగినదాంట్లో రక్తంలోకి వెళ్లేది ఒక శాతం కూడా ఉండదు, అందుకే పొద్దున్నే పరగడుపున, ఉత్త మంచినీళ్లతో వేసుకుని, అరగంట సేపు ఏమీ తినకుండా, పడుకోకుండా ఉండాలి. కాల్షియం మాత్ర దాంతో కలిపి వేసుకుంటే మందు వృథా. ఈ ఒక్క శాతాన్ని పెంచడానికీ, అన్నవాహికలో మంట తగ్గించడానికీ నానో రూపాలు తయారుచేసి చూస్తున్నారు, అది నిజమైన పరిశోధన, ఈ పొడికీ దానికీ సంబంధం లేదు.

ప్రశ్న: ప్రమాదంలో కాలు విరిగి, ఎముకలో చీము పట్టి రెండేళ్లుగా బాధపడుతున్నాను. ఇన్ని యాంటీబయాటిక్స్ వాడినా మళ్లీ మళ్లీ వస్తోంది. దీనికైనా నానో పనికొస్తుందా?

నా ఉద్దేశంలో నానో ముందుగా నిలదొక్కుకునేది ఇలాంటి చోటే. కారణం తేలిక. క్యాన్సర్‌లా ఒళ్లంతా వెతకక్కర్లేదు, సర్జన్ ఎలాగూ ఆ చోటు తెరుస్తాడు, మందుని చేత్తో అక్కడే పెట్టొచ్చు.

మీకు మళ్లీ మళ్లీ ఎందుకొస్తుందంటే, చచ్చిపోయిన ఎముక ముక్కకి రక్తం అందదు, రక్తం అందనిచోటికి మాత్ర గానీ ఇంజెక్షన్ గానీ వెళ్లదు. పైగా బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుని దాక్కుంటుంది, ఎముకలోని సన్నటి కాలువల్లోకి కూడా దూరుతుంది. అందుకే చచ్చిన ఎముకని శుభ్రంగా తీసేయడం మొదటి చికిత్స, దానికి ప్రత్యామ్నాయం లేదు. ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ పెట్టే పద్ధతి చాలాకాలంగా ఉంది, సిమెంట్‌లో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌ని కలపడం 1970లో జర్మనీలో బుక్‌హోల్జ్ అనే సర్జన్ మొదలుపెట్టాడు. దాంతో రెండు ఇబ్బందులు: మందు మొదటి కొన్ని రోజుల్లోనే ఎక్కువగా బయటికొచ్చి తర్వాత పలచబడిపోతుంది, పూసల్లా పెట్టిన సిమెంట్‌ని మళ్లీ ఆపరేషన్ చేసి తీయాలి. కాల్షియం సల్ఫేట్ పూసలైతే వాటంతట అవే కరుగుతాయి, ఇవి ఇప్పుడు దొరుకుతున్నాయి, మీ సర్జన్‌ని అడగండి. నానో హైడ్రాక్సీఅపటైట్ పేస్టులు కూడా ఎముక ఖాళీలు నింపడానికి వాడుకలో ఉన్నాయి. వారాల తరబడి సమానంగా యాంటీబయాటిక్ వదులుతూ, పక్కనే కొత్త ఎముక పెరగడానికి ఆసరా ఇచ్చే నానో పదార్థాలు మాత్రం ఇంకా ఎక్కువగా పరిశోధనలోనే ఉన్నాయి.

ప్రశ్న: ఈ రేణువులు పని అయ్యాక ఒంట్లో ఏమవుతాయి? జీవితాంతం ఉండిపోతాయా?

దేనితో చేశారన్న దాన్ని బట్టి. లైపోజోమ్ కొవ్వు మన కణాల పొరల్లాంటిదే, శరీరం దాన్ని విడగొట్టి వాడుకుంటుంది. పీఎల్‌జీఏ అనే పాలిమర్ లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలుగా విడిపోతుంది, కరిగిపోయే కుట్లదారాలు చేసేది దాంతోనే. ఇనుప ఆక్సైడ్ రేణువుల్లోని ఇనుము శరీరం ఇనుప నిల్వల్లో కలుస్తుంది. బంగారం అలా కాదు, కాలేయంలో చాలాకాలం ఉండిపోతుంది. పొడవుగా సూదుల్లా ఉండే కార్బన్ నానోట్యూబ్‌లు ఎలుకల పొట్టలోని పొరలో ఆస్బెస్టాస్ లాంటి వాపు తెచ్చాయని 2008లో తేలింది. ఎముక విషయంలో నాకు ఇంకో జాగ్రత్త కనిపిస్తుంది. అలెండ్రొనేట్ లాంటిది ఎముకలో ఏళ్ల తరబడి ఉంటుంది, అదే కొక్కెంగా వాడి కరగని రేణువుని ఎముకకి తగిలిస్తే ఆ రేణువూ ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. అందుకని ఎముకకి పంపేవి కరిగేవే అయి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

వెంటనే వచ్చే ఇబ్బందులు వేరు. లైపోజోమ్ మందులు మొదటిసారి ఎక్కించేటప్పుడు కొందరికి మొహం ఎర్రబడి, ఆయాసం, నడుం నొప్పి వస్తాయి. అందుకే మొదటి డ్రిప్ నెమ్మదిగా ఎక్కిస్తారు. అలా అనిపిస్తే ఓర్చుకోకుండా వెంటనే నర్సుకి చెప్పండి, ఆపి సర్దితే చాలామందికి తగ్గిపోతుంది.

ప్రశ్న: మా నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. కొత్త నానో మందు క్లినికల్ ట్రయల్‌లో చేరతారా అని అడిగారు. భయంగా ఉంది, వదులుకోవాలనీ లేదు. ఏం అడగాలి?

మొదట ఏ దశ అని అడగండి. మొదటి దశ అయితే దాని ముఖ్య ఉద్దేశం ఎంత మోతాదు భరించగలరో తెలుసుకోవడం, జబ్బు తగ్గడం కాదు. తగ్గొచ్చు కూడా, కానీ ఆ లెక్కతో చేరకూడదు. మూడో దశ అయితే దేనితో పోలుస్తున్నారని అడగండి, మీ నాన్నగారికి ఇప్పటికే పనిచేస్తుందని తెలిసిన చికిత్స ఏదైనా దీనికోసం ఆపాల్సి వస్తుందా అన్నది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఆయనకి రేడియం-223 గానీ, డోసిటాక్సెల్ అనే కీమో మందు గానీ ఇంకా వాడకపోతే, ముందు అవి ఎందుకు వాడటం లేదో కనుక్కోండి.

మనుషుల్లో ఈ రేణువు ఎముకలోని గడ్డ దాకా చేరిందని స్కాన్‌లో గానీ, ముక్క తీసి గానీ చూశారా, లేక ఎలుకల్లో మాత్రమేనా? ఈ ప్రశ్నకి డాక్టర్ నొచ్చుకోరు, బాగా పని తెలిసినవాళ్లయితే సంతోషిస్తారు. అదనంగా ఎన్నిసార్లు ముక్క తీస్తారు, ఎన్నిసార్లు రావాలి, మందువల్ల హాని జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది, ఇవి కూడా రాయించుకోండి. నచ్చకపోతే ఎప్పుడైనా కారణం చెప్పకుండా మానేయొచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. సమ్మతి పత్రం అక్కడికక్కడే సంతకం పెట్టమంటే పెట్టకండి, కాపీ ఇంటికి తెచ్చుకుని నాన్నగారితో కూర్చుని చదవండి. నిర్ణయం ఆయనది, పక్కన మీరుండి ఆయనకి అర్థంకాని చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుని, మళ్లీ వెళ్లినప్పుడు ఒక్కొక్కటే అడగండి.